పిన్ని కడిగితే బాబాయి వాసన చూసేవాడు

కెటిల్ అడుగున పేరుకున్న ఆ తెల్లటి పొర ఊడి, పాప కడుపులోకి పోతే?

అది నీళ్ళలోని సున్నమేనని నాకు తెలుసు. కాల్షియం కార్బొనేట్. కాలేజీ ల్యాబులో ఎన్నోసార్లు చేసి, కడిగి పారబోసిన పదార్థమే. కాస్త లోపలికి పోయినా ఏమీ కాదు. కానీ తెలిసినంత మాత్రాన భయం పోతుందా? పాలపొడి కలపడానికి నీళ్ళు కాచిన ప్రతిసారీ కెటిల్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వంచి చూసేదాన్ని. గోకితే గీతలు పడతాయి, ఆ గీతల్లో ఇంకేదో చేరుతుంది. నా అవస్థ చూడలేక మా ఆయన, "కింద షాపులో ఒకావిడ రోజంతా ఇవే కడుగుతుంది. వెళ్ళి అడగరాదూ?" అన్నాడు. పాపని చంకనేసుకుని మెట్లు దిగాను.

మా వాటా కింద పాత సామాన్ల షాపు ఉంది. ఇళ్ళు మారేవాళ్ళు వదిలించుకున్న ఫ్రిజ్‌లు, ఓవెన్లు, మిక్సీలు కొని, బాగుచేయించి మళ్ళీ అమ్ముతారు. వెనకాల రేకుల షెడ్డులో ఒక ఫ్రిజ్ తలుపు బార్లా తీసి ఉంది. ఒక పెద్దాయన స్టూలు మీద కూర్చుని, మెడదాకా అందులో తల దూర్చి ఉన్నాడు. పక్కన తడి చేతులతో ఒకావిడ నిలబడి ఉంది.

"నిద్రపోయావా లోపల?" అందావిడ.

"ఉండవే. కింది అరలో ఉల్లిపాయ ఇంకా ఉంది."

"ఉల్లిపాయా, నీ మొహమా. రెండుసార్లు తుడిచాను."

"తుడిచావు. అది పోలేదు. నా మీద అరుస్తావేం, నేను తెచ్చి పెట్టానా దాన్ని?"

ఆవిడ గొణుక్కుంటూ గిన్నెలోని తడి వంటసోడా ముద్దను మళ్ళీ ఆ అరకి పట్టించి, అప్పుడు నావైపు చూసింది. "పైవాటాలో దిగింది మీరేనా అమ్మాయ్? మీ పిల్లది మంచి గొంతు. ఈ వీధి చివరిదాకా వినపడుతుంది."

అందరూ ఆవిడని సోడా పిన్ని అంటారు. నేనూ అలాగే పిలిచాను. దాంతో ఆయన బాబాయి అయ్యాడు. ఆయన ఒకప్పుడు ఇదే షాపులో ఫ్రిజ్‌లు వీపున మోసి మేడలెక్కించేవాడు. నడుం పోయాక ఓనరు పొమ్మనలేదు, స్టూలు వేయించాడు.

కెటిల్‌లో సగం వెనిగర్, సగం నీళ్ళు పోసి పిన్ని మరగబెట్టింది. అడుగు నుంచి బుడగలు లేచి, సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి పైకి తేలింది. ఆ బుడగలేమిటో నాకు తెలుసు. అయినా ఆవిడ పక్కన నిలబడి చూస్తుంటే ప్రాణం కుదుటపడింది. ఆ తర్వాత ఏదో వంక పెట్టుకుని తరచూ దిగేదాన్ని. ఫ్రిజ్ అయితే అరలు ఊడదీసి గోరువెచ్చటి సోడా నీళ్ళలో నానబెట్టేది. తలుపు రబ్బరు మడతల్లో పాత టూత్‌బ్రష్ తిప్పేది. సోడా పూర్తిగా తుడిచేశాకే వెనిగర్ గుడ్డ పట్టేది. ఓవెన్ అయితే గిన్నెడు నీళ్ళలో నిమ్మచెక్కలు వేసి లోపల కాచేది. ఆ ఆవిరికి ఎండిపోయిన మరకలు మెత్తబడేవి.

"సోడా, వెనిగర్ కలిపి పోస్తారు చాలామంది," అన్నాను ఒకసారి. "బుస్సుమని పొంగడమే గానీ ఆ తర్వాత రెంటికీ బలం ఉండదు."

"అంతే. పొంగడం తప్ప పనికి రాదు. అచ్చం మీ బాబాయిలాగే."

"విన్నావా అమ్మాయ్," అన్నాడు బాబాయి ఫ్రిజ్ లోపల్నుంచి. "ఈ నోటిని ఏ సోడా కడగలేదు."

ఆయన తల బయటికి తీసి, "చాలు" అన్నాడంటే ఆ ఫ్రిజ్ అయిపోయినట్టే. పిన్ని మరి చెయ్యి పెట్టేది కాదు.

అసలు ఆయనెందుకు వాసన చూడాలని అడిగితే, పిన్ని తన ముక్కు చూపించింది. "ఇది మొహానికి అందం కోసమే. పని చెయ్యదు."

కూతురు పాకే వయసులో పిన్ని ఇళ్ళల్లో వంటగదులు శుభ్రం చేసేది. ఒక ఇంట్లో నేలా, స్టవ్వూ జిడ్డుతో అట్టకట్టి ఉన్నాయి. పిల్ల ఆ నీళ్ళలోకి పాకి వస్తుందేమోనని వంటగది తలుపు గడియ పెట్టుకుంది. ఒకటి గట్టిదైతే రెండూ కలిస్తే ఇంకా గట్టిగా ఉంటుందనుకుని, బ్లీచింగ్ నీళ్ళ మీద యాసిడ్ పోసింది. అందులోంచి వచ్చేది క్లోరిన్. మూసిన గదిలో అది ఎక్కడికి పోతుంది? పిల్లని తీసుకెళ్ళడానికి వచ్చిన బాబాయి దగ్గు విని తలుపు విరగ్గొట్టాడు. ఊపిరితిత్తులు నెమ్మదిగా కోలుకున్నాయి. వాసన మాత్రం తిరిగి రాలేదు.

"పిల్ల తల వాసన గుర్తుంది," అంది పిన్ని. "ఆ తర్వాతవేవీ లేవు. ఈయన అప్పట్లో పెట్టెలకి పెట్టెలు సిగరెట్లు కాల్చేవాడు. నా దగ్గు చూసి మానేశాడు. సిగరెట్టు కంపు లేకుండా ఈయన వాసన ఎలా ఉంటుందో నాకు తెలియదు." నావైపు తిరిగి అడిగింది. "నువ్వు చదువుకున్నదానివి కదా. మళ్ళీ వస్తుందంటావా?"

"ఇన్నేళ్ళయ్యాక కష్టం పిన్నీ."

"డాక్టరూ అదే అన్నాడులే. నువ్వేమైనా కొత్తది చదివి ఉంటావేమోనని."

చలి మొదలైన రోజుల్లో బాబాయి నిద్రలోనే పోయాడు.

కూతురు తనతో వచ్చి ఉండమని బతిమాలింది. పిన్ని ఒప్పుకోలేదు. "చేతులు ఆడినంతకాలం నా కాళ్ళ మీద నేనుంటాను. పని పోయిన రోజున నువ్వు పిలవకపోయినా వస్తాను," అని పంపేసింది. మళ్ళీ షెడ్డులోకి వచ్చింది. ఖాళీ స్టూలును ఎవరూ జరపలేదు.

అయితే ఇప్పుడు ఎక్కడ ఆపాలో ఆవిడకి తెలియలేదు. తుడిచిన అరనే తుడిచేది. సోడా పెట్టి, తీసి, మళ్ళీ పెట్టేది. చేతి వేళ్ళు పగిలి ఎర్రబడ్డాయి. ఓనరు తల లోపల పెట్టి, "బ్రహ్మాండంగా ఉంది పిన్నీ, వదిలెయ్," అంటే, "నీకు అమ్ముడుపోవాలి. నీ ముక్కునెలా నమ్మను?" అనేది. ఒకరోజు ఆయన మా ఇంటికొచ్చాడు.

"నువ్వు చెప్తే వింటుందేమో చూడమ్మా. లోపల చల్లదనం పెంచే మీట మీది అంకెలు చెరిగిపోయాయి. తలుపు రబ్బరు చిరిగి ఊడొచ్చింది. ఎన్నని ఇలా పాడు చేసుకోను? ఫ్రిజ్‌ల పని ఇంకొకరికి ఇవ్వక తప్పేలా లేదు."

వెళ్ళి వాసన చూశాను. "ఏమీ లేదు పిన్నీ."

"నా మీద జాలితో అంటున్నావు."

"నిజంగానే లేదు."

"మీ బాబాయి మొదటిసారే బాగుందని ఎన్నడూ అనలేదు." మళ్ళీ గుడ్డ తడిపింది.

కొన్నాళ్ళకి, ఒక సాయంత్రం, నన్ను తన గదికి పిలిచింది. షెడ్డుని ఆనుకుని ఉన్న ఒంటి గది. తలుపు వెనక మేకుకి బాబాయి చొక్కా వేలాడుతోంది.

"అన్నీ ఉతికాను. ఇదొక్కటే ఉంచాను. ఉంచి నాకేం లాభం, నాకు తెలియదుగా. ఆయన వాసన ఇంకా ఉందో లేదో చూడు."

చొక్కా మొహానికి ఆనించుకున్నాను. ఉందని చెప్పాలని మనసు పీకింది. కానీ బాబాయి ఫ్రిజ్‌లోంచి తల తీసినప్పుడు ఆయన వైపు ఎలా చూసేదో, పిన్ని అలాగే నా మొహంలోకి చూస్తోంది.

"దుమ్ము వాసన వస్తోంది పిన్నీ. కొంచెం వెనిగర్. అంతే."

"వెనిగర్ నాది," అంది.

చొక్కా నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టింది. "అబద్ధం చెప్పేస్తావేమో అనుకున్నాను," అంది.

మర్నాడు షెడ్డు వెనక తీగ మీద ఆ చొక్కా ఒక్కటే ఆరుతోంది. పిన్ని నన్ను పిలిచి ఫ్రిజ్ చూపించింది. నిజంగానే వెనక నీళ్ళు పోయే కన్నంలోంచి పులిసిన పాల వాసన వస్తోంది. అదే చెప్పాను. పుల్లకి గుడ్డ చుట్టి, సోడా నీళ్ళలో ముంచి, లోపల తిప్పి తిప్పి తీసింది.

"ఇప్పుడు?"

"పోయింది."

గుడ్డ కింద పెట్టేసింది.

పాప కోసం నేను పెట్టిన సెలవు అయిపోయేదాకా అలా నడిచింది. ఉద్యోగంలో చేరాల్సిన వారం నేనేదో సర్దిచెప్పబోతే పిన్నే ఆపింది. "నీకు పిల్ల ఉంది, కొలువుంది. నా ఫ్రిజ్‌ల్లో తల పెట్టుకుని ఎన్నాళ్ళుంటావు?" ఓనరు కెటిళ్ళు, మిక్సీలు కడగమన్నాడు, అవి శుభ్రమైందీ లేనిదీ కంటికే తెలుస్తుందని. పిన్ని ఆ పని చేసి చూసింది. వాటిని కూడా మెరిసిన తర్వాత మెరిపిస్తూనే ఉండేది. చివరికి తనే కూతురికి ఫోన్ చేసింది. ఆ పిల్ల సంతోషించిందట. పిన్ని ఆ మాట చెప్తూ ఏడ్చింది.

వెళ్ళే రోజు వీడ్కోలు చెప్పడానికి పైకొచ్చింది. వంటగది తలుపు దగ్గరికేసుకుని నేను పాల సీసాలు కడుగుతున్నాను. నానిపోయి ముడతలు పడ్డ నా వేళ్ళను తన చేతిలోకి తీసుకుని చూసింది.

"తలుపు మూసుకుని కడక్కు అమ్మాయ్. కబుర్లు చెప్పడానికైనా సరే, ఎవర్నో ఒకర్ని దగ్గర కూర్చోపెట్టుకో. వాళ్ళు ఆపమన్నప్పుడు ఆపెయ్యి. మనకి మనం చెప్పుకుంటే మనసు వినదు."

ఇప్పుడు సీసాలు కడిగేటప్పుడు తలుపు తీసే ఉంచుతున్నాను. మా ఆయన పాపని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుంటాడు. ఆయన ఇక ఆపమన్నాక, ఇంకొక్కసారి కడగాలని చేతులు లాగుతున్నా, కుళాయి కట్టేస్తున్నాను.