కుడిపక్కన పడుకోబెట్టిన సైకిల్

ఈ పొద్దున కొత్త హ్యాంగర్ పార్సిల్‌లో వచ్చింది. బొటనవేలంత అల్యూమినియం ముక్క. గేర్లు మార్చే పరికరాన్ని వెనక చక్రం పక్కన ఫ్రేముకు పట్టి ఉంచేది ఇదే. పాతదానికి వెంట్రుకంత పగులు పడింది. చిట్యాలకు పనికి వెళ్లే దారిలో గేరు దానంతటదే మారిపోతుంటే రిపేరు షాపులో చూపించాను. "అక్కా, ఇది ఎప్పుడైనా ఇరుగుతది. ఇరిగితే గేరు చక్రంల వడ్తది, నువ్వు రోడ్డు మీద వడ్తవ్" అన్నాడు షాపతను. రెండు స్క్రూలు తీస్తే మార్చేయొచ్చు. అయినా స్క్రూడ్రైవర్ పట్టుకుని వాకిట్లో చాలాసేపు కూర్చున్నాను. పాత ముక్కను సరిచేసింది మా అన్న. అన్న చేతిపనిలో ఇంట్లో మిగిలింది అదొక్కటే.

సన్న టైర్ల ఆ రేసు సైకిల్‌ను అన్న హైదరాబాదులో పాతది కొనుక్కుని తొక్కుకుంటూ వచ్చాడు. అమ్మ దానిచుట్టూ తిరిగి చూసి, "బుక్కెడు తిండి పెట్టనట్టున్నరు దీనికి" అంది. బాపుకు మాత్రం తెగ నచ్చింది. మాకు గొర్రెలున్నాయి. బొచ్చు కత్తిరించేటప్పుడు బాపు గొర్రెను ఎప్పుడూ కుడిపక్కకు పడుకోబెట్టి, కాళ్లు కట్టి, మొదట దాని మెడ నిమిరేవాడు. మర్నాడు సైకిల్‌ను తుడుద్దామని దాన్నీ అట్లాగే కుడిపక్కకు పడుకోబెట్టి, మోకాలితో అదిమి పట్టాడు. గేర్లుండేది ఆ పక్కనే. హ్యాంగర్ లోపలికి వంగిపోయింది.

"బాపూ, గిది గొర్రె కాదే!" అన్న నవ్వలేక నవ్వాడు.

"మరి ఏ పక్క పండవెట్టాల్రా?"

"ఎడమ పక్క. గేర్లు మీదికుండాలె."

"గొర్రెకు లేని మర్యాద దీనికెందుకో" అని అమ్మ లోపలినుంచి.

అన్న గేరు విప్పి, హ్యాంగర్ రంధ్రంలోకి ఇంకో సైకిల్ వెనక చక్రపు ఇరుసు బిగించాడు. ఇప్పుడు రెండు చక్రాలు పక్కపక్కన నిలబడ్డాయి. పుస్తకం పట్టుకుని గడప మీదున్న నన్ను పిలిచాడు. "చెల్లె, ఎనుకకొచ్చి చూడు. రెండూ ఒక్క తీరుగ ఉన్నయా?" నేను "జర ఇంకింత" అన్నప్పుడల్లా ఆ చక్రాన్ని మెల్లగా లాగుతూ, వంగిన హ్యాంగర్‌ను సరిచేశాడు. ఇంటికి చుట్టాలొస్తే అర్రలోకి దూరే నేను ఆ పూట మాట్లాడినంత ఎన్నడూ మాట్లాడలేదు. "అల్యూమినియం ఒక్కసారి ఓర్చుకుంటది. మల్ల వంచితే ఇరుగుతది" అన్నాడు, బాపుకు వినబడేట్టు.

ఆ వానాకాలమే జ్వరంతో నల్లగొండ దవాఖానకు పోయిన అన్న తిరిగి ఇంటికి నడిచి రాలేదు. సైకిల్ నాకు మిగిలింది.

ఇవాళ నేనలా కూర్చుని ఉంటే బాపు వచ్చి, సైకిల్‌ను ఎడమపక్కకు, చంటిపిల్లను దించినట్టు పడుకోబెట్టాడు. "ఇప్పు బిడ్డా. వాడు సరిజేసిందని దాన్ని ఉంచుకుంటే, నిన్ను ఎవరు లేపాలె రోడ్డు మీదికెల్లి?" అన్నాడు. విప్పాను. పాత ముక్కను పైపంచెతో తుడిచి, కత్తెర పెట్టుకునే సంచిలో వేసుకున్నాడు. కొత్తది బిగించి తొక్కి చూశాను. గేర్లు చప్పుడు లేకుండా మారాయి. ఆ చప్పుడు లేకపోవడమే ఓర్చుకోలేకపోయాను.

తిరిగొచ్చేసరికి బాపు గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్నాడు. ఇంకా అలవాటు కాని పక్కన కత్తెర తిరగక చెయ్యి తడబడుతోంది. "ఆ పక్కకు తిప్పరాదయ్యా, చెయ్యి కోసుకుంటవు" అంది అమ్మ. బాపు గొర్రె మెడ నిమిరి, మళ్లీ కత్తెర ఆడించాడు. అన్న పోయినప్పటినుంచీ అంతే, గొర్రెను కూడా ఎడమపక్కకే పడుకోబెడతాడు. కాలం గడిచిపోయిందని ఊళ్లో అందరూ అంటారు. మా వాకిట్లో మాత్రం అది ఎడమపక్కకు ఒరిగి, అట్లాగే పడుకుని ఉంది.