రికార్డులో గజ్జెలు

“మరోసారెట్టండి మేస్టారూ. గజ్జెలొచ్చీకాడ నేను సెయ్యెత్తుతాను. ఎత్తకపోతే నా సెవులు పోయినట్టే.”

ఉపేంద్ర రికార్డు మీది సూదిని జాగ్రత్తగా ఎత్తి పాట మొదట్లో పెట్టాడు. నూకయ్య కళ్ళు మూసుకున్నాడు. డ్రమ్ములు, గిటారు, వాటి మధ్య నుంచి ఎవరో పిలిచినట్టు ఒక ట్రంపెట్. పాట మొత్తం అయిపోయింది. మోకాలి మీది చెయ్యి లేవనే లేదు.

“సూసారా?” అన్నాడు నూకయ్య, ఎవరికో జరిగిన సంగతి చెబుతున్నట్టు. “మీకు వినబడ్డాయేటి?”

“నాకూ వినబడలేదు మావా.”

“మీకెలా వినబడతాయండీ? మీరు లెక్కల మేస్టారు.”

పొందూరు పక్కనున్న ఆ పల్లెలో నూకయ్యది నలభై ఏళ్ళ మైకుసెట్టు. తప్పెటగుళ్ళ ఆటకి ఆయన ఉండి తీరాలి. పదిహేనుమంది గుండెల మీద రేకు గుళ్ళు కట్టుకుని ఒక్కసారిగా వాయిస్తుంటే కాళ్ళ గజ్జెలు ఎవరికి వినబడతాయి? నూకయ్య నేలకి జానెడెత్తున ఒక మైకు పెట్టి, మీట మీద వేలు ఆనించి కూర్చుంటాడు. ఎవరి అడుగు తప్పినా ఆయన మొహంలో తెలిసిపోతుంది.

ముప్పై ఏళ్ళ కిందట విశాఖ రేవు దగ్గర పాత సామాన్లలో ఆయనకొక రికార్డు దొరికింది. జాజ్‌నీ రాక్‌నీ కలిపి వాయించే విదేశీ బృందం. అట్ట మీది పేరు ఆయనకి చదవరాదు. కానీ రెండో వైపు మొదటి పాటలో డ్రమ్ముల వెనక సన్నగా గజ్జెలు మోగేవి. ‘ఈళ్ళూ మనోళ్ళే’ అనుకుని రోజూ వినేవాడు. హుద్‌హుద్ తుపానులో పెంకులు మీదపడి అది రెండు ముక్కలైంది. రెండేళ్ళ తర్వాత శ్రీకాకుళంలో ఉండే ఉపేంద్ర, ఎవరూ నేర్పకుండానే సంగీతం వినడం నేర్చుకున్న మనిషి, ఆ ముక్కల మీద పేరు చదివి అదే ఆల్బమ్ కొత్త ముద్రణ తెప్పించి ఇచ్చాడు. అసలు టేపుని శుభ్రం చేసి, దళసరి రికార్డు పళ్ళెం మీద కొత్తగా చెక్కిన ప్రతి.

అందులో గజ్జెలు లేవు. వారం రోజులు విన్నాక, తన చెవులే పోయాయని నూకయ్య తేల్చుకున్నాడు. ఎల్లుండి పాతపట్నంలో ఆట. వేరే మైకువాణ్ణి చూసుకోమని తప్పెటగుళ్ళ బృందం గురువు త్రినాథ్‌కి నిన్ననే కబురంపాడు. ఆ మాట విని పరుగెత్తుకొచ్చాడు ఉపేంద్ర.

“పోనీలెండి. వయసు,” అన్నాడు నూకయ్య. “ట్రంపెట్టోడు ఆపాక ఒకడు దగ్గాడు గదా, ఆడికీ వయసే అయ్యుంటాది.”

“దగ్గాడా? ఎవరు?”

“ఎడమ పక్కనోడు. నోటికి సెయ్యి అడ్డెట్టుకుని.”

ఉపేంద్ర మళ్ళీ వేశాడు. వినబడలేదు. స్పీకరు పెట్టెకి చెవి ఆనించి మూడోసారి విన్నాడు. ఉంది. చేతిలో నొక్కేసిన దగ్గు, చీమ నడిచినంత.

“మావా, నీ చెవులకేం కాలేదు! ఆ పాత ముక్కలు ఏవీ?”

వరండాలో నూలు వడుకుతున్న నూకయ్య భార్య దేముడమ్మ రాట్నం ఆపి, గుడ్డలో చుట్టిన ముక్కలు తెచ్చింది. ఉపేంద్ర వాటిని ఎండకి ఏటవాలుగా పట్టాడు. రెండో వైపు అంచు నుంచి లోపలికి వెంట్రుకల్లాంటి గీతలు మూడు, పక్కపక్కనే.

“పళ్ళెం ఒక్క చుట్టు తిరిగితే సూది వీటి మీదుగా ఒక్కసారి పోతుంది. మూడు గీతలు, మూడు చిన్న చప్పుళ్ళు. పాట నడకతో ఆ చుట్టు కలిసింది. నువ్వు విన్నది ఇదే మావా. వాళ్ళ కాళ్ళకి గజ్జెల్లేవు.”

నూకయ్య ముక్కని అందుకుని గోటితో ఆ గీతల్ని నెమ్మదిగా తడిమాడు.

“ముప్పయ్యేళ్ళు గీతకి తలూపావన్నమాట!” దేముడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “ఊళ్ళో అందరికీ ఇనిపించావు గదయ్యా, పరాయి దేశంలో తప్పెటగుళ్ళున్నాయని!”

“నువ్వూ ఇన్నావు గదే!”

“నేను ఇనబడతన్నాయనకపోతే నువ్వు కూడు తింటావేటి?”

ఉపేంద్రకి నవ్వాగలేదు. నూకయ్య నవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు చూసి, భుజాలు కదిలేలా నవ్వేశాడు. తర్వాత కొత్త రికార్డుని తనే వేసుకుని, ఈసారి కళ్ళు తెరిచి విన్నాడు. గజ్జెలుండే చోట ఇప్పుడు గిటారు తీగ విడిచిపెట్టాక మిగిలే సన్నటి వణుకు వినబడుతోంది.

“ఇది బాగున్నాదే,” అన్నాడు తనలో తాను. “ఇన్నాళ్ళూ దీన్ని ఇననివ్వనేదు గదా ఆ గీతలు.”

పాట అయ్యేదాకా ఆగి ఉపేంద్ర చెప్పులు వేసుకున్నాడు. నూకయ్య సైకిలు దాకా వచ్చాడు.

“మేస్టారూ, పోతూ పోతూ త్రినాథ్ గుమ్మం కాడ ఒక్క నిమిషం ఆగండి. ఇంకోణ్ణి పిలిసుంటే ఒద్దనీమనండి. ఎల్లుండి నేనే వస్తన్నానని సెప్పండి. ఈ గీతల సంగతి మాత్రం ఆడికి సెప్పకండేం?”