మామ తిరుగు టికెట్టు

మొన్నొక మధ్యాహ్నం కోదాడలో మా ఇంటి వరండాలో కూర్చుని మనవరాలు తన ఫోనులో నాకు సింగపూర్ టికెట్టు తీస్తోంది. మా వీధిలో ఉద్యోగాలూ వ్యాపారాలూ చాలించుకున్న ముసలివాళ్ళమంతా కలిసి నాలుగు రోజులు చూసొద్దామని బయలుదేరాం, ఈ వయసులో ఆ సోకు ఒక్కటే మిగిలింది లెండి. వన్ వేనా, రౌండ్ ట్రిప్పా అని ఫోను అడుగుతోందని ఆ పిల్ల చెప్పగానే నా నోట అనుకోకుండా వన్ వే అని వచ్చేసింది. "తిరిగొచ్చే టికెట్ సూపియ్యకపోతే విమానమే ఎక్కనియ్యరు తాతా, గది కూడ తెల్వదా?" అని పకపకా నవ్వింది. తెలియకేం, ఆ నియమం నాకు తెలిసినంత బాగా ఈ ఊళ్ళో ఇంకెవరికీ తెలిసి ఉండదు. దానివల్లే నా జీవితంలో ఒక సముద్రం తక్కువైంది.

అప్పట్లో నేను సూర్యాపేటలో హైవే పక్కన డీజిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాణ్ణి. పెళ్ళయి రెండేళ్ళు. మా మేనమామ మిర్యాలగూడలో ఉండేవాడు. నిడమనూరు దగ్గర గొర్లూ గొడ్లూ కాసుకునే ఇంట్లో పుట్టి, కాలువ తప్ప వేరే నీళ్ళు చూడని ఊరినుంచి నేవీలో చేరి, విశాఖపట్నంలో తెరచాప పడవ నడపడం నేర్చుకుని, పింఛను పుచ్చుకుని మళ్ళీ ఇంటికి వచ్చిన మనిషి. వచ్చాక ఒక రైసు మిల్లులో బాయిలరు చూసుకునేవాడు. ఊక పొగలో నిలబడి, ఊళ్ళో ఎవరికీ అక్కరలేని సంగతి, గాలి ఏ మూలనుంచి వస్తోందో చెప్పేవాడు. తనకంటూ ఒక తెరచాప పడవ కొనుక్కోవాలని ఆయన కోరిక. మా అత్త దానికి సవతి అని పేరు పెట్టింది. చివరికి మలేసియాలో మోకాళ్ళు పనిచేయని ఒక తెల్ల ముసలాయన తన పాత పడవను అమ్ముతున్నాడని నేవీ స్నేహితుడొకడు కబురు పంపితే, మామ సూర్యాపేట వచ్చి మా షెడ్డులో నా ఎదుట కూర్చున్నాడు. పడవలో చిన్న డీజిల్ ఇంజనుంది, అది తెలిసిన మనిషి తోడు కావాలి, విమానంలో పోయి పడవలో వద్దాం అన్నాడు. మేళ్లచెరువు సిమెంటు లారీలకింద పడుకుని నట్లు బిగించే నాకు విమానమూ సముద్రమూ ఒక్కసారే వస్తామంటే కాదనడానికి నోరెలా వస్తుంది? పాస్‌పోర్టులయ్యాయి, వీసాలయ్యాయి. విమానం టికెట్లు పోవడానికి మాత్రమే తీశాడు.

దానికి కారణం చెప్పాలంటే మా తాత సంగతి, అంటే మామ తండ్రి సంగతి చెప్పాలి. తాత ఎద్దుల కోసం సంతకు పోయేటప్పుడు ఎద్దును కట్టి తెచ్చే కొత్త పలుపుతాడు ఒకటి పేనించి, దానికి పసుపు రాసి భుజాన వేసుకుని బస్సెక్కేవాడు. తిరుగు బస్సుకని విడిగా చిల్లర ఉంచుకోవడం ఆయన దృష్టిలో మహా అపశకునం. ఉత్త చేతులతో తిరిగొస్తానని ముందే ఒప్పుకున్నవాడికి పశువు దక్కదు అనేవాడు. ఎద్దు దొరికితే దాని వెంట రెండు రోజులు నడిచి వచ్చేవాడు. దొరకని నాడు కూడా నడిచే వచ్చేవాడు, అది వేరే సంగతి. మామ దేశాలు తిరిగినా, ఇంగ్లీషులో మాట్లాడినా, ఆ ఒక్క విషయంలో అచ్చం తాత కొడుకే. మద్రాసు విమానాశ్రయంలో ఆయన సంచి తెరిపిస్తే బట్టలమీద పసుపు రాసిన కొత్త పలుపు చుట్ట చుట్టి ఉంది.

కౌంటరు దగ్గరి అమ్మాయి పలుపును వదిలేసి టికెట్లను పట్టుకుంది. విమానంలో వచ్చేవాడు ఆ దేశంనుంచి ఎలా బయటపడతాడో చూపించాలి, తిరుగు టికెట్టు లేకుండా దింపితే అక్కడివాళ్ళు మిమ్మల్నీ, మిమ్మల్ని ఎక్కించిన మా కంపెనీనీ కూడా తప్పుపడతారు అంది. పడవలో వస్తామని మామ చెబితే, ఆ పడవ మీ పేరున ఉన్న కాగితం చూపించండి అంది. కొనడానికే కదా పోతున్నది, కొనకముందు కాగితమెక్కడిది? పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు అన్నట్టుంది వ్యవహారం. పెద్దాఫీసరు వచ్చాడు. ముసలాయన రాసిన ఉత్తరం చదివాడు. అందులో వచ్చి చూసుకోండి అని ఉందే తప్ప అమ్మానని లేదుగా అన్నాడు. మామ నా వైపు తిరిగి, "ఎద్దును కొననీకి పొయ్యేటోడు ఎనకకొచ్చే టికెట్ తీస్తడారా? తిరుగు టికెట్ పట్టుకొని పోతే గా పడవ నాది కాదు. పా, ఇంటికి పోదాం" అని సంచి తీసుకుని పోయి బెంచీ మీద కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి, తుఫానులు చూసినవాడు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని పలుపును సంచిలోకి కుక్కుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

ఆఫీసరుతో మళ్ళీ మాట్లాడి వస్తానని చెప్పి, ఆ మూల తిరిగి విమానం కంపెనీ కిటికీ దగ్గరికి పోయి, దారి ఖర్చులకని నా దగ్గరున్నదంతా పోసి ఇద్దరికీ తిరుగు టికెట్లు కొన్నాను. మీకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో విమానం టికెట్టంటే ఎర్రటి కార్బన్ అక్షరాలతో చిన్న పుస్తకంలా ఉండేది. ఆ రెంటినీ బనియన్‌లో దోపుకుని వచ్చి, ఉత్తరం చూసి ఒప్పుకున్నారు మామా అన్నాను. "ఒప్పుకున్నరా?" అని చిన్నపిల్లవాడిలా లేచి నిలబడ్డాడు. ఆయనతో నేనాడిన మొదటి అబద్ధం అదే. అక్కడ దిగాక కూడా పాస్‌పోర్టులు రెండూ నేనే తీసుకుని ముందు నడిచి, ఆఫీసరుకు టికెట్లు చూపించి ముద్రలు వేయించుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే మామ వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

పడవ ఇరవై ఎనిమిది అడుగులది, తెల్లరంగు పెచ్చులూడి, ఒకే తెరచాప స్తంభంతో, మా లారీల పక్కన పెడితే ట్రాలీ అంత ఉంటుందేమో. మామ దాని చుట్టూ తిరిగి, పొట్ట పొడుగునా పిడికిలితో కొట్టి చప్పుడు విని, తాత ఎద్దుల పళ్ళు చూసి తలాడించినట్టే తలాడించాడు. ఐదు రోజులు నేను ఇంజను విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించాను. కాగితం మామ పేరున మారింది. రేవు ఆఫీసులో పడవ మీద పోయేవాళ్ళ జాబితా ఇవ్వాలంటే మామ తన పేరూ నా పేరూ గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక నా పేరు అంత అందంగా ఇంకెక్కడా చూడలేదు.

ఆరో రోజున పడవ ఎలా పోతుందో చూద్దామని బయటికి తీశాం. ఒడ్డు కనిపించకుండా పోయేసరికి నా కడుపులోదంతా బయటికొచ్చింది, దాని వెంటే ఉన్న ధైర్యమూ పోయింది. ఇంటి దగ్గర నా భార్యకు ఏడో నెల. బయలుదేరేటప్పుడు గుర్తురాని ఆ ఏడో నెల, నీళ్ళు తప్ప ఏమీ కనిపించనప్పుడు మహా గట్టిగా గుర్తొచ్చింది. బనియన్‌లోని టికెట్టు గుచ్చుకుంటూనే ఉంది. ఆ సాయంత్రం, నేను విమానంలో పోతాను మామా, ఆమె ఒక్కతే ఉంది అన్నాను. టికెట్టు ఎక్కడిదని అడిగితే ఏం చెప్పాలా అనుకుంటున్నాను గాని ఆయన అడగనే లేదు. "ఇంజను మంచిగ చేసినవ్, సాలు తియ్" అని వీపు తట్టాడు. మర్నాడు రేవు ఆఫీసులో నా పేరు మీద గీత పడింది. ఇంటికి పోవాలని ఓడలకోసం చూస్తున్న రామనాథపురం నావికుడొకడి పేరు దాని కింద చేరింది.

నేను ఒక పూటలో మద్రాసులో ఉన్నాను. మామకు పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజులూ, నా భార్యను కూడా తీసుకుపోయి, మిర్యాలగూడలో అత్త ఎదుట కూర్చోవడం కంటే సముద్రంలో మునగడమే సుఖంగా ఉండేది. "నువ్వైతే వస్తివి, మీ మామ ఏడున్నడురా?" అని ఆమె ఒక్కసారే అడిగింది. తర్వాత అడగడం మానేసి నాకు అన్నం వడ్డించేది, అది మరీ కష్టం. పదహారో రోజు వీధి చివరి ఎస్టీడీ బూతుకు ఫోనొచ్చింది. విశాఖపట్నంనుంచి మామ, "ఒడ్డుకొచ్చిన. ఆకలైతాంది, మీ అత్తకు జెప్పు" అన్నాడు. ఆ బూతులోనే కూలబడి భోరున ఏడ్చాను.

తర్వాత పన్నులనీ పత్రాలనీ చాలా తిప్పలు పడ్డాడు గాని పడవ ఆయనదే అయింది. నెలకోసారి బస్సెక్కి పోయి వస్తుండేవాడు. నేనూ రెండుసార్లు పోయాను. రేవులో దాన్ని కట్టిన తాళ్ళ మధ్య తాత సంతకు తీసుకుపోయేటువంటి పలుపు ఒకటి, ఉప్పుకు బిరుసెక్కి, పసుపంతా పోయి కనిపించేది.

మామ మంచం పట్టాక, మనసాగక ఒకరోజు ఆయన వాడని టికెట్టు తీసుకుపోయి చేతిలో పెట్టి, ఆ రోజు జరిగింది చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నాకే తిరిగి ఇచ్చేశాడు. "గాడ నువ్వు ఆఫీసరుకు రెండు టికెట్లు సూపెట్టినప్పుడే సూసినరా. నీది నీకు అక్కరకొచ్చింది. నాది నేను సూడలే అనుకున్న, గంతే." ఇన్నేళ్ళూ నేను సిగ్గుపడతానని ఒక్క మాట అనలేదు. నా టికెట్టు చూసీ నా పేరు జాబితాలో అంత ప్రేమగా రాసిన మనిషి ఆయన.

ఇప్పుడంతా ఫోనులోనే. టికెట్టూ గదీ తిరుగు దారీ ముందే ఖాయమైతే గాని ఎవరూ గడప దాటరు, దాటనివ్వరు కూడా. అది మంచిదే, మా అత్తలాగా ఏ ఇల్లాలూ పదహారు రోజులు గుమ్మం వైపు చూడనక్కరలేదు. మనవరాలికి రౌండ్ ట్రిప్పే నొక్కమని చెప్పాను. కానీ ఆ పిల్ల లోపలికి వెళ్ళాక బీరువా తెరిచి మామ టికెట్టు తీసి చూసుకున్నాను. కార్బన్ ఎరుపు వెలిసిపోయింది, ఆయన పేరు మాత్రం ఇంకా చదవవచ్చు. నాది చూసుకుందామంటే లేదు, అక్కడ విమానం ఎక్కేనాడే చింపి తీసుకున్నారు.