సాంబ మెదడు ఫోటో కోసం హైదరాబాదు

నాగాయలంకలో పొద్దున ఆరింటి బస్సుకి బయల్దేరాం, నేనూ మా బావమరిది సాంబా. సాంబ సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. నాలుగు నెలలుగా గుండె దడ వదలట్లేదు. పడవెక్కితే చాలు, చేతుల వణుకు, ఊపిరాడదు. వాడి కోసం రెండుసార్లు వేట మధ్యలో పడవ వెనక్కి తిప్పారు. పడవ వాడి సొంత మేనమామది. "మందుల చీటీలు ఎవరైనా రాస్తారు. రోగమైతే ఫోటోలో కనపడాలి. కనపడితే నీ చోటు ఉంచుతా. లేదంటే పిరికోడివే, ఇంకోణ్ణి పెట్టుకుంటా" అని ఆయన తేల్చేశాడు.

బందరు డాక్టరుగారు దారి చూపించారు. భయం జబ్బున్నవాళ్ళ మెదడులో రక్తం ఎక్కడ ఎక్కువ పారుతోందో, ఎక్కడ తక్కువో హైదరాబాదు ఆసుపత్రి ఒకదానిలో ఫోటోలు తీసి పరిశోధిస్తున్నారట. ఉచితమే.

మొవ్వ దాటాక పక్కసీటు పెద్దావిడ అడిగింది, "ఎక్కడికి బాబూ?"

"మావాడి మెదడుకి ఫోటో తీయించడానికండీ."

"అయ్యో, తలకి దెబ్బ తగిలిందా?"

"లేదండీ, భయం."

ఆవిడ సాంబ భుజాలకేసి చూసి నవ్వింది. "ఇంత మనిషికి భయమేంటయ్యా!" వాడు తల దించుకున్నాడు. ఆవిణ్ణి అక్కడికక్కడే బస్సు దింపేయాలన్నంత కోపం వచ్చింది నాకు.

తొమ్మిదిన్నరకి గుడివాడ. స్టేషను ఎదురు హోటల్లో ఇడ్లీ బాగుంది, సాంబ సగం వదిలేశాడు. బెజవాడలో బండి మారి, చీకటి పడ్డాక హైదరాబాదు చేరాం. ఆసుపత్రి వెనక సత్రంలో చాప ఇస్తారు, దుప్పటి మనదే.

మర్నాడు పదింటికి సాంబని మసకగదిలో పడుకోబెట్టి చేతికి మందు ఎక్కించారు. "పావుగంట కళ్ళు మూసుకుని, మాట్లాడకుండా ఉండాలి. ఈ కాసేపట్లో మెదడు ఎలా ఉంటే మందు అలాగే పట్టేస్తుంది. ఫోటో ఆ తర్వాత" అని చెప్పి టెక్నీషియన్ వెళ్ళాడు. నేను తలుపు బయట బెంచీ మీద కూచున్నాను.

లోపల చడీచప్పుడు లేదు. అదే నన్ను నిలవనివ్వలేదు. నేనూ పదేళ్ళు వేట చేసినవాణ్ణే. మంచు పట్టిన తెల్లవారుజామున పక్క పడవ కనపడదు. పేరు పెట్టి పిలుస్తూనే ఉంటాం, అవతలివాడు పలుకుతూనే ఉండాలి. పలక్కపోతే మా ప్రాణాలు మా దగ్గరుండవు.

"సాంబా!" అన్నాను.

"ఓ బావా!"

నిమిషానికోసారి పిలిచాను. ప్రతిసారీ పలికాడు. చివరి పిలుపు టెక్నీషియన్ చెవిన పడింది. "ఏం పని చేశారండీ! ఇంతసేపూ మాట్లాడిస్తూ ఉన్నారా?"

అక్కడి డాక్టరమ్మ కోప్పడలేదు. "ఈ ఫోటో మా పరిశోధనకి పనికిరాదండీ. మళ్ళీ తీయడానికి మా నియమాలు ఒప్పుకోవు. మందులు రాస్తాను, తప్పకుండా వాడండి."

"పోనీ, ఆ ఫోటోయే ఇవ్వండమ్మా."

"తప్పుగా వచ్చినదాన్ని ఎలా ఇస్తానండీ?"

నా చేతులారా చెడగొట్టాను. బెజవాడ దాకా వాడి మొహం చూడలేకపోయాను. అవనిగడ్డ దాటాక నోరు విప్పాను. "తప్పు నాదేరా."

"ఊరుకో బావా. నాలుగు నెలల్లో నాకు దడ లేనిది ఆ పావుగంటే."

ఆ మాటకి ఏడుపొచ్చింది. మా వెనక ఆ ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ తలుపు దగ్గర మాత్రం కూచోకండి, బజారుకి పోండి.

నాగాయలంకలో బస్సు ఆగేసరికి మేనమామ ఎదురుగా ఉన్నాడు. "ఫోటో ఏదిరా?"

సాంబ మందుల చీటీ ఆయన చేతిలో పెట్టాడు. ఆయన మడత కూడా విప్పలేదు.