ఓదెలు తలకెక్కిన నీలం గడులు

సిరిసిల్లలో ఎనిమిది సాంచాలను, అంటే బట్ట నేసే మరమగ్గాలను, ఒక్కడే చూసుకునే ఓదెలుకు కొట్టు నుంచి నాలుగు సామాన్లు తేవడం చేతకాదు. చింతపండు, సబ్బు, అగ్గిపెట్టె, ఉప్పు తెమ్మని భార్య లింగవ్వ పంపితే, సబ్బొకటీ, ఎవరూ అడగని అరటిపండ్లూ తెస్తాడు. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది" అని ఆమె నవ్వుతుంది. ఆయన నవ్వడు.

ఎలా నవ్వుతాడు? తల్లి నర్సవ్వ చివరి రెండేళ్లూ మతి తప్పి, కన్నకొడుకునే "నువ్వెవలి పోరనివిరా?" అని అడిగి అడిగి పోయింది. ఆ జబ్బే తనకూ మొదలైందని మూడేళ్లుగా లోలోపల చస్తున్నాడు. పైకి ఒక్క ముక్క అంటే ఒట్టు. మహానుభావుడు!

జగిత్యాలలో ఒక కాలేజీవాళ్లు జ్ఞాపకం మీద పరీక్షలు చేస్తున్నారని సాంచాల షెడ్డులో తెలిసింది. పనికి సెలవు పెట్టి, సామాన్లు మర్చిపోయే సంగతి అడుగుదామని మాత్రమే చెప్పి, లింగవ్వను వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

అక్కడ స్నేహ అనే విద్యార్థిని ఆయన తలకు వైర్ల టోపీ తొడిగింది. తెర మీద ఎర్ర గడులు, నీలం గడులు మెరిసి మాయమవుతాయి. ఎర్రవి ఎక్కడున్నాయో గుర్తుంచుకుంటే చాలు. ఓదెలు నీలం వాటినీ గుర్తుపెట్టుకుని, ఎర్రవాటిలో సగం తప్పాడు.

"నీలంవి పట్టించుకోవద్దన్న గద పెద్దనాయినా?"

"పట్టించుకోకుంటే ఎట్ల బిడ్డా? నేను సూడని సాంచ మీదనే పోగు తెగుతది."

ముప్పయ్యేళ్లు షెడ్డులో బతికినవాడికి అక్కర్లేనిదనేది ఒకటుంటుందని ఎవరు చెప్పారు గనుక!

స్నేహ కంప్యూటర్‌లో మెదడు గీతలు చూపించింది. "జరసేపు యాదికుంచుకునే జాగ అందరికీ చిన్నదే. కొందరి మెదడు అక్కరలేనిదాన్ని గడప అవతల్నే ఆపుతది. నీదాంట్ల అన్నీ జొరవడుతున్నయి."

"గిది రోగమా?"

"గిట్లుండుడు రోగం గాదు, మనిషికో తీరు. మతిమరుపు రోగం సంగతి మాత్రం డాక్టరే చెప్పాలె. మనసుల రంది, దిగులు ఉన్నా అది జాగ తింటది. ఏమన్న రంది ఉన్నదా?"

"ఏం లేదు" అన్నాడు ఓదెలు, తల వంచుకుని.

గది బయట కూర్చున్న లింగవ్వకు అంతా వినబడింది. బస్టాండుకొచ్చాక నిలదీసింది. "గంత రంది ఏంది నీకు? నాతోని గూడ చెప్పవా?"

ఓదెలుకు ఏడుపు ఆగలేదు. "నన్ను కన్న మా అవ్వ లెక్క నిన్ను మర్చిపోతనేమోనని భయం. పొద్దుగాల కండ్లు తెరవంగనే నీ పేరు మనసుల అనుకుంటున్న. యాదికున్నదా లేదా అని."

లింగవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది. పెళ్లయిన నాటి నుంచి "ఓయ్", "ఇగో" అనడమే తప్ప మొగుడు ఆమెను పేరు పెట్టి పిలిచింది లేదు. నలుగురూ నవ్వుతారని ఆయనకు సిగ్గు.

"మనసుల ఎందుకు దాసుకునుడు?" అందామె. "రేపటి సంది నోటితోనే పిలువు. మర్చిపోయిన్నాడు నేనే చెప్త."