కాంతి తీసేసిన సంవత్సరాలు

చుక్కల మాస్టారు జగడాల మనిషి కాదు. ఎప్పుడైనా దిగాడంటే మాత్రం అవతలివాడు నోరు మూసుకుని పోవాల్సిందే. తారామండలం హాల్లో ముప్పై ఏళ్లుగా చీకట్లో నిలబడి, గుండ్రటి కప్పు మీద చుక్కల్ని చూపిస్తూ కథ చెప్పేవాడాయన. గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దావిడ ఆ జగడాల్లో ఒకటి కళ్లారా చూసింది.

ఆట అయ్యాక ఒక కోటు పెద్దమనిషి ఆయన్ని నిలదీశాడు. "మన పాలపుంత లక్ష కాంతి సంవత్సరాలన్నారు. అంటే లక్ష ఏళ్లలో దాటెయ్యొచ్చనేగా?"

"వెలుగైతే దాటుతుందండీ. మీరు వెలుగా?"

"నేను ఇంజనీరుని!"

"అయితే ఇంకాస్త ఆలస్యమవుద్ది. కాంతి సంవత్సరమంటే కాలం కాదు బాబూ, దూరం. వెలుగు ఏడాదంతా ఆగకుండా పరిగెత్తితే ఎంతో, అంత. సూర్యమండలం దాటిపోయిన నౌకల్లో జోరైనది ఎక్కినా నూట డెబ్భై కోట్ల ఏళ్ల పైనే పడుతుంది. అన్నం మూట కట్టుకుని బయల్దేరండి."

తర్వాతి ఆటకు వరుసలో నిలబడ్డ జనం గొల్లుమన్నారు. మూడో తరగతి దాటని పెద్దావిడకు ఆ లెక్క ఆరోజే బుర్రకెక్కింది. ఇంజనీరుకు ఎక్కిందో లేదో ఆయనకే ఎరుక.

తర్వాత మాస్టారి తమ్ముడే ఆ హాలుకు మేనేజరుగా వచ్చాడు. అన్న చదివిస్తే చదువుకున్నవాడు. "అన్నయ్యా, నీ గొంతు రికార్డు చేసి పెడదాం. జలుబు చేసిన రోజు పనికొస్తుంది" అన్నాడు. మాస్టారు మురిసిపోయి, గొంతు బొంగురుపోయేదాకా మూడు రోజులు చెప్పాడు. నాలుగో రోజు జలుబూ లేదు, దగ్గూ లేదు, అయినా రికార్డే మోగింది. నెల తిరక్కుండా ఆయన్ని ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నారు.

అదీ దిగమింగాడు. ఒక మధ్యాహ్నం టికెట్టు కొనుక్కుని వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. పెద్దావిడ తలుపు దగ్గరే ఉంది. చీకట్లో ఆయన గొంతే, ఆ తొణకని గొంతే పలికింది: "ఈ చివరి నుంచి ఆ చివరికి లక్ష సంవత్సరాలు."

మాస్టారు లేచి తిన్నగా తమ్ముడి గదిలోకి నడిచాడు. వెనకే పెద్దావిడ.

"కాంతి ఏదిరా?"

"కాంతా? మన ఆఫీసులో ఆ పేరు గలవాళ్లు లేరే!"

"లక్షకీ సంవత్సరాలకీ మధ్య ఉండాల్సిన కాంతి!"

"ఓ, అదా? ఆట ఇరవై నిమిషాలకు కుదించాం. జనానికి అర్థం కాని మాటలు తీసేయించాను. ఒక్క మాటేగా!"

నమ్మించి గొంతు కొయ్యడమంటే మాటవరసకు అంటారనుకునేది పెద్దావిడ. తోడబుట్టినవాడు ఎంత నున్నగా కోస్తాడో అప్పుడు చూసింది.

"సరిచెయ్యరా, నీ కాళ్లు పట్టుకుంటా."

"పెద్దవాడివి, అంత మాటనకు. నాకు ఆయుక్షీణం" అన్నాడు తమ్ముడు, కాగితాల్లోంచి తలెత్తకుండా.

గేటు బయటికొచ్చాక మాస్టారు పెద్దావిడ వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు అబద్ధమాడవని తెలుసు. నేనూ ఇన్నేళ్లలో ఒక్క అంకె తప్పు చెప్పలేదు. అయినా అడుగుతున్నా. ఆట చూసినవాళ్లెవరైనా ఆ గొంతెవరిదని అడిగితే, నాది కాదని చెప్పు."