అమ్మోరి మేక నా స్లైడులోంచి చూసింది

చచ్చిన మేక ఒకటి నా ఉద్యోగాన్ని ఎలా నమిలేసిందో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. అప్పట్లో మాత్రం నాకు నవ్వు రాలేదు, జ్వరం వచ్చింది.

అరకులో ఒక చిన్న పరిశోధనశాలలో కొత్తగా చేరాను. మెదడు కణాల్లో ఒక రిసెప్టర్ ఉంటుంది. పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే మనిషిలాగా ప్రొటీన్లను ఎక్కడివక్కడికి పంపుతుంది. దాన్ని పట్టిచ్చే యాంటీబాడీ బొటనవేలంత సీసాలో, విదేశం నుంచి రెండు నెలలకు చేరింది.

"శుక్రవారానికి ఒక్క మంచి స్లైడు చూపించు. లేదా కొండ దిగిపో," అన్నారు మా పరిశోధనశాల నడిపే మేడమ్.

తాజా మెదడే కావాలనుకున్నాను. పక్క ఊళ్లో అమ్మోరి పండగ. బలి మేక తల పూజారిది, అది ఆ ఊరి కట్టుబాటు. వెళ్లి బతిమాలాను.

"తల ఊరు దాటకూడదు బాబూ. అమ్మోరికి ఇచ్చిన తల సూత్తాది," అన్నాడు పూజారి తాత.

"చచ్చిన మేక ఏం చూస్తుంది తాతా?"

"నీకే తెలుత్తాది," అని ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు నావైపు జాలిగా చూశాడు. రెండు డిగ్రీలున్న నాకు ఆ జాలి అర్థం కాలేదు.

గురువారం మధ్యాహ్నమే మంచు కిటికీలను మూసేసింది. పద్ధతి చెబుతాను, పారిపోకండి. మొదటి యాంటీబాడీ రిసెప్టర్‌ను పట్టుకుంటుంది. మెరిసే రెండో యాంటీబాడీ ఆ మొదటిదాన్ని పట్టుకుంటుంది. అంటే మొదటిది వేయకుండా రెండోదే వేసిన స్లైడు నల్లగా ఉండాలి. చీకటి గదిలో ఆ స్లైడునే మైక్రోస్కోపు కింద పెట్టాను.

నిండా పచ్చటి చుక్కలు, నన్నే చూస్తున్నాయి. కొత్త ముక్క కోసి మళ్లీ మొదటినుంచీ చేశాను. అదీ చూసింది. బయట మంచులో ఎక్కడో మేక అరిచింది. అరకులో మేకలకేం కొరత? అయినా తలుపు వేయడం కూడా మరిచి పక్క ఊరికి, పూజారి తాత దగ్గరికి పరిగెత్తాను.

"చూస్తోంది తాతా! మందు వేయనిదాంట్లోంచి కూడా చూస్తోంది!"

"దానికి తగిలినయ్యన్నీ అట్టుకొచ్చీ. బేగి!"

తల, స్లైడ్లు, సీసా, అన్నీ పరుగున పట్టుకొచ్చాక అమ్మోరి రాయి పక్కన గొయ్యి తీసి పూడ్చాం. ప్రాణం కుదుటపడింది.

మర్నాడు మేడమ్ నా కథంతా విన్నారు. నవ్వలేదు. సీసా వచ్చిన ఖాళీ పెట్టె నా చేతిలో పెట్టారు.

"ఈ యాంటీబాడీ ఏ జంతువులో తయారైందో చదువు."

"మేకలో, మేడమ్."

"మెరిసేది మేక యాంటీబాడీలన్నిటినీ పట్టేస్తుంది. నువ్వు దానికి మేక మెదడే పెట్టావు, దాని రక్తంలో ఉండేవీ అవే. వెలగక ఏం చేస్తుంది? ఫ్రీజర్లో ఎలుక మెదడుంది. సీసా తే, ఇప్పుడే చేద్దాం."

"సీసా అమ్మోరి దగ్గరుంది, మేడమ్."

ఇద్దరం వెళ్లాం. తాత ఆ గొయ్యి పక్కనే కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"ఏటి బాబూ, మళ్లీ అమ్మోరి సొత్తే కావాలా? ఈసారి ఇవ్వను," అన్నాడు.

మేడమ్ నావైపు తిరిగి చూశారు. ఆ చూపు ముందు మేక చూపు ఏపాటిది!

సాయంత్రం బస్సుకే కొండ దిగాను. కిటికీ పక్కన కూర్చుని కుడిచేయి ఎత్తి ప్రమాణం చేశాను: ఇకమీదట ఎంతటి దయ్యం ఎదురొచ్చినా సరే, ముందు పెట్టె మీద రాసింది చదువుతాను, ఆ తరవాతే భయపడతాను.